మూడు రోజుల నీళ్ళు

మా ఇంట్లో నలుగురం కలిసి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని తిని రెండేళ్ళు దాటింది. టేబుల్ ఉంది. కానీ అందులో సగం మా అబ్బోడి విమానాల కార్ఖానా అయిపోయింది. ఉప్పుకాగితం ముక్కలు, జిగురు ట్యూబు, నా గోరుకత్తెర, నా కనుబొమ్మల ప్లకర్, నా స్టీలు ప్లేటులో నీళ్ళు పోసి నానేసిన బుల్లి బుల్లి స్టిక్కర్లు. మిగతా సగం మీద వాడి పుస్తకాలు. అందుకని అందరం వంటింట్లో నేల మీదే తింటాం. మా అత్తమ్మకు ముందునుంచీ కింద కూర్చుంటేనే తిన్నట్టు ఉంటుంది కాబట్టి దాని మీద గొడవ రాలేదు. గొడవ వేరే దాని మీద వచ్చింది. అది చెబుదామనే ఇవాళ కూర్చున్నాను.

వాడిప్పుడు తొమ్మిదో తరగతి. ఏడో తరగతి ఎండాకాలం సెలవుల్లో బెంగుళూరులో మా పెదనాయన వాళ్ళింటికి పోతే, అక్కడ మా అన్న కొడుకు ఒక పెట్టె చేతిలో పెట్టాడు. స్పిట్‌ఫైర్ విమానం కిట్టు. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని రెక్కలు, చక్రాలు, కూర్చున్న పైలట్ అన్నీ విడివిడిగా ఉంటాయి. ఒక్కొక్కటి కత్తిరించి, అంచులు రుద్ది, అతికించి, రంగులేసుకోవాలి. నాలుగు రోజులు వాడు ఫోన్ ముట్టలేదు. ఆ ఒక్క కారణానికి నేను వెయ్యి రూపాయల పైన పెట్టి రెండో పెట్టె కొన్నాను. మా ఆయన ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంటారు.

పెట్టె మీద 1/72 అని రాసి ఉంటుంది. అసలు విమానం కొలతల్లో డెబ్బై రెండో వంతు అన్నమాట. డెబ్బై రెండే ఎందుకు, వందో యాభయ్యో పెట్టుకోవచ్చు కదా అని నాకు అనుమానం. వాడే చెప్పాడు. అడుగుకు పన్నెండు అంగుళాలు, ఆరడుగులకు డెబ్బై రెండు. కాబట్టి ఆరడుగుల మనిషి ఈ లెక్కలో సరిగ్గా ఒక అంగుళం ఉంటాడు. కుట్టుపని వచ్చిన నాకు అది టేపు పట్టుకున్నంత తేలిగ్గా అర్థమైంది. 1930లలో ఇంగ్లండులో చెక్క కిట్లు ఈ కొలతలో అమ్మేవాళ్ళట. తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. 1953లో ఎయిర్‌ఫిక్స్ అనే కంపెనీ తన మొదటి విమానం కిట్టుగా స్పిట్‌ఫైర్‌నే తెచ్చి, ఊల్‌వర్త్ దుకాణాల్లో రెండు షిల్లింగులకు అమ్మింది. యుద్ధం అయిపోయి ఎనిమిదేళ్ళు. అప్పటి పిల్లల నాన్నలు, మామలు ఆ యుద్ధం నుంచి తిరిగి వచ్చినవాళ్ళు.

వీటన్నిటి కంటే నన్ను ఎక్కువ ఆపింది 1942 నాటి సంగతి. అమెరికా యుద్ధంలోకి దిగిన కొత్తలో వాళ్ళ నౌకాదళం దేశంలోని హైస్కూళ్ళను ఐదు లక్షల బొమ్మ విమానాలు చేసిపెట్టమని అడిగింది. యాభై రకాలు, ఒక్కో రకం పదివేలు. అన్నీ 1/72 కొలతే, అన్నిటికీ నల్లరంగే. ఎందుకంటే ఆకాశంలో పోయే విమానం మనకు రంగుతో కనబడదు, నీడలాగా ఆకారం ఒక్కటే కనబడుతుంది. ఆ బొమ్మను ముప్పై ఐదు అడుగుల దూరంలో వేలాడదీసి చూస్తే, అసలు విమానం అర మైలు దూరంలో ఎలా కనిపిస్తుందో అలాగే ఉంటుంది. వాటిని చూపించి, ఇది మనది, ఇది శత్రువుది అని సైనికులకు నేర్పించేవాళ్ళు. ఫిరంగి పట్టుకున్నవాడు పొరపాటుపడితే సొంతవాళ్ళనే కూల్చేస్తాడు కదా.

బడిలో చెక్క చెక్కుతున్న పిల్లలు. ఎవరి విమానం సరిగ్గా కొలతకు వస్తే ఎక్కడో ఎవరి కొడుకో బతుకుతాడు. సరిగ్గా రాకపోతే? ఈ సంగతి తెలిశాక, "ఆటవస్తువులతో ఆడుకుంటున్నావు" అని వాడిని అనడం మానేశాను.

మా పెదనాయన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మాది వడ్రంగుల ఇల్లు. నాగళ్ళు, గుంటకలు, ఎద్దులబండి చక్రాలు చేసేవాళ్ళు. వరసగా వానలు పోయిన ఏళ్ళలో నాగలి చేయించుకునేవాడే లేకపోతే వడ్రంగికి పనేముంది? మా జిల్లా నుంచి అందరూ పోయినట్టే ఆయనా బెంగుళూరు బండెక్కాడు. విమానాల ఫ్యాక్టరీలో చెక్కపని విభాగంలో కుదిరాడు. చిన్నప్పుడు మాకు నమ్మకం కుదిరేది కాదు, విమానంలో చెక్క ఎక్కడుంటుంది అని నవ్వేవాళ్ళం. లోహాన్ని పోతపోయాలంటే ముందు చెక్కతో అచ్చు చేయాలనీ, ఆ అచ్చు వెంట్రుకవాసి తప్పినా భాగం పనికిరాదనీ ఆయన చెప్పేవాడు.

తర్వాత చదివితే తెలిసింది, ఆయన మాటలో ఇంకా పెద్ద నిజం ఉందని. మన దేశం సొంతంగా చేసుకున్న మొదటి జెట్ యుద్ధవిమానం హెచ్‌.ఎఫ్‌-24 మారుత్. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీకి యుద్ధవిమానాలు గీసిన కుర్ట్ టాంక్ అనే ఇంజనీరు 1956లో బెంగుళూరు వచ్చి దీనికి రూపం ఇచ్చాడు. మారుత్ 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరింది. 1971 యుద్ధంలో రాజస్థాన్ వైపు పోరాడింది. కానీ అంతకు ముందే, 1959లో, అదే ఆకారంలో, అదే కొలతలో, ఇంజను లేకుండా మొత్తం చెక్కతో ఒక గ్లైడరు చేసి ఎగరేసి చూశారు. అంటే అదీ ఒక నమూనాయే. కొలత మాత్రం ఒకటికి ఒకటి! మా పెదనాయన ఫ్యాక్టరీలో చేరింది ఆ తర్వాత కాబట్టి దాని మీద ఆయన చెయ్యి పడలేదు. పడి ఉంటే మా వాళ్ళు ఊళ్ళో చెప్పుకునే గొప్పలకు అంతుండేది కాదు. మారుత్ కిట్టు మేము వెతికిన చోట ఎక్కడా దొరకలేదు. మా అబ్బోడు ఫోటోలు చూసి, పెదతాత ఇచ్చిన టేకు చెక్కతో తనే ఒకటి చెక్కుకున్నాడు. ముక్కు కొంచెం వంకర. ఇంట్లో ఉన్న పదకొండు విమానాల్లో నాకు అదే ఇష్టం.

ఇక గొడవ.

విమానాలు ఉన్నంతకాలం మా అత్తమ్మ ఏమీ అనలేదు. ఆమెకు విమానం అంటే దుబాయి పోయే విమానమే. ఒకరోజు వాడు చెక్కతో ఫిరంగి, అట్టతో చిన్న కత్తి, డాలు చేసి షెల్ఫులో వరసగా పెట్టాడు. పొద్దున ఊడ్చడానికి వచ్చి చూసింది. కత్తిని రెండు వేళ్ళతో ఎత్తింది, చచ్చిన బల్లిని ఎత్తినట్టు.

"ఏందిరా ఇది? ఇయ్యన్నీ ఇంట్లో ఏంటికి? తీసకపోయి బయట పారేయ్."

వాడికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆమె పెద్దన్నను ఎన్నికల గొడవల్లో ఊరి బయట వేటకొడవళ్ళతో నరికారు. అప్పటికి మా ఆయన ఇంకా నడక నేర్వలేదట. మా సీమ గురించి సినిమాల్లో చూసి ఈలలు వేసేవాళ్ళకు కొడవలి అంటే అదొక స్టైలు. ఇక్కడి ఆడవాళ్ళకు అది స్టైలు కాదు. మగవాళ్ళు జైళ్ళకూ కాటికీ పోతే, పొలం, పిల్లలు, అప్పులు, కోర్టు వాయిదాలు అన్నీ మీదేసుకున్నది వాళ్ళు. మా అత్తమ్మ వదిన ఇరవై ఏడేళ్ళకు బొట్టు తీసేసింది. అట్టకత్తి అయినా సరే, ఆ ఇంట్లోంచి వచ్చిన మనిషి కంటికి అది కత్తే. నేను వాడిని పక్కకు పిలిచి చెప్పాను. అంతవరకూ వాడికి ఈ సంగతి తెలియదు. మేము చెప్పలేదు. ఏ వయసులో చెప్పాలో తెలియక వాయిదా వేస్తూ వచ్చాం, తప్పు మాదే.

వాడు ఫిరంగి, కత్తి తీసి అట్టపెట్టెలో దాచేశాడు. కానీ మనసులోంచి తీయలేదు. కొన్ని వారాలకు మైసూరు రాకెట్టు మీద పడ్డాడు.

హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ సైన్యాల్లో ఉన్న ఆయుధం అది. దాదాపు ఇరవై సెంటీమీటర్ల ఇనుప గొట్టం, లోపల మందు, గొట్టాన్ని నాలుగడుగుల వెదురు బద్దకు తోలుపట్టీలతో కట్టేవాళ్ళు. కిలోమీటరు పైగా పోయేది. అప్పటికి వేరే దేశాల్లో రాకెట్లు ఉన్నా గొట్టాలు కాగితానివో అట్టవో. ఇనుప గొట్టం కాబట్టి లోపల ఒత్తిడిని ఓర్చుకుని దూరం పోయేది. 1780 సెప్టెంబరులో కంచి దగ్గర పొల్లిలూరులో కంపెనీ సైన్యం హైదర్ చేతిలో చిత్తుగా ఓడింది. వాళ్ళ మందుగుండు బండ్లు పేలిపోవడం ఆ ఓటమికి ఒక కారణం, అవి రాకెట్లు తగిలే పేలాయని అంటారు. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక ఇంగ్లీషువాళ్ళు ఈ రాకెట్లను తమ దేశానికి పట్టుకుపోయారు. విలియం కాంగ్రీవ్ అనే ఆయన వాటిని చూసి తన రాకెట్లు తయారుచేశాడు. 1807లో కోపెన్‌హేగన్ నగరం మీద అవే కురిశాయి.

వాడు దీన్ని ఆరో వంతు కొలతలో చేశాడు. లెక్క భలే కుదిరింది. నాలుగడుగుల వెదురు బద్ద ఆరో వంతుకు వస్తే ఎనిమిది అంగుళాలు, అంటే అగరబత్తి పుల్ల! గొట్టానికి ఎండిపోయిన స్కెచ్‌పెన్నును మూడు సెంటీమీటర్ల పైన కొంచెం కోసి, నల్లరంగు వేసి, దారంతో కట్టాడు. చేసి, అవ్వకు కనబడేలా పెట్టాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాడు. చివరకు అబ్దుల్ కలాంను అడ్డం పెట్టుకున్నాడు. కలాంగారు అమెరికాలో వాలప్స్ అనే చోట రాకెట్ల కేంద్రానికి పోయినప్పుడు, అక్కడి గోడమీద టిప్పు సైనికులు రాకెట్లతో యుద్ధం చేసే బొమ్మ చూశారు. ఆ సంగతి తన ఆత్మకథలో రాసుకున్నారు. కలాం పేరు వినగానే మా అత్తమ్మ మెత్తబడింది. ఆమె దేవుడి గదిలో కాకపోయినా ఆ తలుపు మీద ఆయన క్యాలెండరు ఉంటుంది. "సర్లే, పుల్లే కదా" అని వదిలేసింది.

ఆ రాకెట్ల గురించే ఇంకో మాట. 2018 జూలైలో కర్ణాటక శివమొగ్గ జిల్లా నగర అనే ఊళ్ళో ఎండిపోయిన బావిని తవ్వితే వెయ్యికి పైగా తుప్పుపట్టిన ఇనుప రాకెట్లు బయటపడ్డాయి. బావి మట్టి తుపాకిమందు వాసన కొట్టిందట. ఇది చదివి వినిపిస్తే మా అత్తమ్మ రాకెట్ల గురించి ఒక్క మాట అడగలేదు. "ఆ బాయి ఎప్పుడు ఎండిపోయింది?" అంది.

దసరా తర్వాత బడిలో జిల్లా చరిత్ర మీద ప్రాజెక్టు ఇచ్చారు. మా వాడు గుత్తి కోట నమూనా చేస్తానన్నాడు. ఒక ఆదివారం పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ కట్టుకుని పోయాం. మెట్లెక్కుతూ నేను మూడుచోట్ల కూర్చున్నాను. ఊరి నుంచి కొండ నెత్తి దాదాపు మూడు వందల మీటర్లు. గోడల వెనుక గోడలు, ద్వారం తర్వాత ద్వారం. పైన కొండ అంచున సున్నంతో నున్నగా చేసిన చిన్న మండపం ఉంది, మురారిరావు గద్దె అంటారు. అక్కడ కూర్చుని ఆయన చదరంగం ఆడేవాడట. అక్కడినుంచి చూస్తే పల్లెలు, రైలుపట్టాలు అన్నీ 1/72లో ఉన్నట్టే కనబడ్డాయి. రాతిలో తొలిచిన నీటి గుంటలు, బావులు చాలాచోట్ల చూశాం. మా వాడు వాటిని ఒక్క ఫోటో కూడా తీయలేదు. బురుజులు, ఫిరంగులు నిలబెట్టే చోట్లు, గోడల్లో తుపాకి కన్నాలు మాత్రం రెండు వందల ఫోటోలు.

ఇంటికొచ్చాక కొలత దగ్గర చిక్కు వచ్చింది. 1/72లో చేస్తే కొండ నాలుగు మీటర్లు దాటుతుంది, మా ఇంటి స్లాబు పగలగొట్టాలి. వెయ్యో వంతు అయితే ముప్పై సెంటీమీటర్లు, అంటే మనం చేత పట్టుకోవచ్చు. కానీ ఆ కొలతలో ఆరడుగుల మనిషి రెండు మిల్లీమీటర్లు కూడా ఉండడు. ఆవగింజ. రెండు మీటర్ల ఫిరంగీ ఆవగింజే. వాడి ముఖం చూడాలి మీరు! ఇన్నాళ్ళూ చేసిన ఆయుధాలేవీ ఆ కోటలో కనబడవు.

థర్మకోలు పొరలతో కొండ లేపాడు. పైన రాయిలాగా రావాలంటే ఏం పూయాలి? అప్పుడు మా అత్తమ్మ రంగంలోకి దిగింది. పాత పేపర్లు రెండు రోజులు నానేసి, మెంతులు నానబెట్టి, రెండూ కలిపి రుబ్బి, గంపలకు, చేటలకు పూసేది ఆమె తన కాలంలో. అదే గుజ్జు చేసి ఇచ్చింది. ఇల్లంతా వారం రోజులు మెంతి వాసన. గుజ్జు పూస్తూ పూస్తూ ఆగింది.

"నీళ్ళు యాడ పెట్టినావురా?"

"ఎక్కడివి అవ్వా?"

"కొండమీద ఇంతమంది ఉండారంటివే. ఏం తాగి బతికినారు?"

వాడి దగ్గర జవాబు లేదు. ఫోటోలు కూడా లేవు. ఆ రాత్రి నేను వెతకడానికి కూర్చున్నాను. మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ దగ్గర మొదలుపెట్టి మన జిల్లా గెజిటీర్ దాకా ఈ కథ ఉంది.

గుత్తిని ఏలిన మురారిరావు ఘోర్పడే మరాఠా సర్దారు. మామూలు మనిషి కాదు. 1751లో ఆర్కాటు ముట్టడిలో క్లైవుకు సాయంగా ఆయన గుర్రపు దండు కదిలింది. 1775 చివర్లో హైదర్ అలీ గుత్తి మీదికి వచ్చాడు. కింది కోట, ఊరు పట్టుకున్నాడు. జనమంతా పై కోటకు చేరారు. పై కోట మాత్రం లొంగలేదు. రెండు నెలలు గడిచాక మురారిరావే రాజీకి కబురు పంపాడు. డబ్బు ఇస్తానన్నాడు. హామీగా ఒక కుర్రవాడిని హైదర్ దగ్గరికి పంపాడు. మురారిరావు సేనాపతుల్లో ఒకరి కొడుకు, లోకం తెలియని పిల్లవాడు.

హైదర్ ఆ పిల్లవాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాడు. మీవాళ్ళు ఎంత ధైర్యంగా పోరాడారు అని మెచ్చుకున్నాడు. పొగడ్తకు పొంగిపోయి ఆ పిల్లవాడు, మా కోటను ఎవరూ గెలవలేరు, నీళ్ళు లేకపోబట్టే లొంగాం, మూడు రోజుల నీళ్ళే మిగిలాయి అనేశాడు. అంతే. హైదర్‌కు కావలసింది దొరికింది. ఏదో వంక పెట్టి రాజీని తప్పించి, కోటను అలాగే చుట్టుకుని కూర్చున్నాడు. 1776లో మురారిరావు ఏ షరతూ లేకుండా బయటికి రావలసి వచ్చింది. ఆయన్ని శ్రీరంగపట్నం తీసుకుపోయి, తర్వాత కబ్బాళదుర్గంలో పెట్టారు. ఖైదీగానే పోయాడు.

పొద్దున కాఫీ దగ్గర ఇది చెప్పాను. మా ఆయన "హైదర్ తెలివి చూడు" అన్నారు. మా అబ్బోడు "రాకెట్లు లేకుండానే గెలిచాడా?" అన్నాడు. మా అత్తమ్మ మాత్రం ఆ పిల్లవాడి దగ్గరే ఆగిపోయింది. "వాళ్ళమ్మ కోటలోనే ఉండెనో ఏమో" అంది. విల్క్స్ ఆ సంగతి రాయలేదు. ఆ పిల్లవాడు చిన్నవాడు, ఆకలితో ఉన్నాడు, దాహంతో ఉన్నాడు, ఎదుట పెద్దమనిషి ఆప్యాయంగా మాట్లాడుతున్నాడు. అందుకు వాడిని తప్పుపట్టాలని నాకు అనిపించలేదు.

మళ్ళీ గుత్తికి పోయాం, ఈసారి నీటి గుంటలు, బావులు కొలవడానికి. మురారిరావు గద్దె దగ్గరికి కూడా పోలేదు. వెయ్యో వంతు కొలతలో మనిషి, ఫిరంగి ఆవగింజలైపోయినా, గుంటలు మాత్రం కళ్ళకు కనబడతాయి. వాడు పదునైన పుల్లతో గుజ్జులో ఒక్కొక్కటే తొలిచాడు.

ఆ తర్వాత వాడికి పంతం పట్టింది, మూడు రోజుల నీళ్ళు ఎన్ని ఉంటాయో అన్నే పోయాలని. కోటలో ఎంతమంది అనేది తెలియదు కాబట్టి వెయ్యిమంది అనుకున్నాడు. ఒక మనిషికి రోజుకు ఎన్ని నీళ్ళు అని ఇంటర్నెట్‌లో చూడబోతే అత్తమ్మ ఆపింది.

"తాగను, వండను బిందె చాలు. స్నానాలు లేవు అనుకో. మేము బిందెతోనే ఈడ్చినాం ఎండాకాలాలు."

బిందెకు పదిహేను లీటర్లు. వెయ్యిమందికి మూడు రోజులకు నలభై ఐదు వేల లీటర్లు. "ట్యాంకర్ అయిదు వేలు కదా, తొమ్మిది ట్యాంకర్లు" అంది అత్తమ్మ, కాలిక్యులేటర్ కంటే ముందే. మా వీధికి ట్యాంకర్ వచ్చే రోజుల్లో క్యూలో నిలబడి నేర్చుకున్న లెక్కలవి. "మరి గుర్రాలకో?" అని మళ్ళీ తనే అడిగింది. గుర్రాల సంగతి మాకెవరికీ తెలియదు, వదిలేశాం.

మా అబ్బోడు వెయ్యో వంతుకు దించాడు. పొడుగు, వెడల్పు, లోతు మూడూ వెయ్యి రెట్లు తగ్గుతాయి కాబట్టి మూడుసార్లు వెయ్యితో భాగించాలి. కాగితం మీద సున్నాలు కొట్టేస్తూ కొట్టేస్తూ పోయి, ఆగి, మళ్ళీ మొదటినుంచి చేశాడు. నాకు చూపించాడు. ఒక మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు కూడా లేదు. ఒక్క చుక్క.

ఇంకు ఫిల్లర్‌తో ఒక చుక్క తీసి, అన్నిటికంటే పై గుంటలో వేశాడు. ముగ్గురం వంగి చూశాం. ఫ్యాను తిరుగుతోంది. అత్తమ్మ తల తిప్పి ఏదో అనేలోపే ఆ చుక్క గుజ్జులోకి ఇంకిపోయింది.

ఇప్పుడు అక్కడ ఉన్నది నా రంగులేని గోళ్ళ పాలిష్. ఆ సీసా ఇంకా వాడి టేబుల్ మీదే ఉంది, నాకు తిరిగి ఇవ్వలేదు.